ఉరిచెట్టు కింద పాచికలు

ఆదివారం. పొద్దున చర్చి, మధ్యాహ్నం కోడికూర, ఆపైన ఒక కునుకు. నాలుగింటికి లేచి టీ పెట్టుకుని, ఎన్నాళ్ళుగానో చూద్దామనుకుంటున్న జాక్ కాలో బొమ్మలు ల్యాప్‌టాప్‌లో తెరిచాను. రాగిరేకు మీద బొమ్మ చెక్కి కాయితం మీద అచ్చువేసే పదిహేడో శతాబ్దపు చిత్రకారుడాయన. యుద్ధం తెచ్చే కష్టాలూ కడగండ్ల మీద 1633లో పారిస్‌లో అచ్చయిన 18 బొమ్మల వరస. తెర నిండా పరిచి చూస్తున్నాను గానీ, అసలు కాయితం మీద ఒక్కోటి 8 సెంటీమీటర్ల ఎత్తు, 19కి లోపే పొడుగు. అరచేతిలో పట్టేస్తుంది.

పదకొండోది ఉరిచెట్టు. దణ్ణెం మీది బట్టలు తీసుకొస్తూ అమ్మ వెనకాల ఆగింది. "ఏంట్రా అవి, గబ్బిలాలా?" అంది. దూరానికి అలాగే ఉన్నాయి. "మనుషులమ్మా" అన్నాను. బట్టలు మంచం మీద పడేసి, కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంది.

దోచుకున్న సైనికులకి పడ్డ శిక్ష అది. బొమ్మ కింద ఫ్రెంచి పద్యం ఉంది. ఈ దొంగలు పాడు పళ్ళలా చెట్టుకి వేలాడుతున్నారు, చెడ్డవాళ్ళకి ముందో వెనకో దైవన్యాయం తగిలి తీరుతుంది అని. పద్యం కాలోది కాదు, వేరెవరో రాసింది. ఆ కాలంలో నీతి చెప్పే బొమ్మలంటే త్రాసు పట్టుకుంటే న్యాయం, ఇసుక గడియారం ఉంటే కాలం. ఏ గుణానికి ఏ గుర్తో చెప్పే, ఇటలీ రచయిత చేజరే రీపా పుస్తకం 1603లో బొమ్మలతో సహా వచ్చేసింది. చేతిలో ఏముందో చూసి ఎవరో పోల్చుకోవడం మనకీ అలవాటే. కాలో ఇక్కడ అలాంటి దేవతనొక్కర్తెనీ పెట్టలేదు. నిచ్చెన, దాని మీద సిలువ చూపిస్తున్న పాదిరి, చుట్టూ బల్లేల అడవి, అంతే.

అమ్మ వేలు మాత్రం చెట్టు కింద ఆగింది. అక్కడ ఇద్దరు డోలు మీద పాచికలాడుతున్నారు. "సిలువ కింద సైనికులు ఆయన బట్టలకి చీట్లేసుకున్నట్టు లేదూ?" అంది. నిజమే, నాకు తట్టలేదు. నాకు తట్టింది ఇంకోటి. 1625లో ఆస్ట్రియాలోని ఫ్రాంకెన్‌బుర్గ్‌లో, తిరగబడ్డవాళ్ళని జతలుగా నిలబెట్టి పాచికలు వేయించారు. ఓడినవాడికి ఉరి. కాలో ఈ బొమ్మలు వేసేనాటికి యూరప్‌లో సాగుతున్న ముప్ఫైయేళ్ళ యుద్ధంలోదే అదీ. కాలోకి ఆ సంగతి తెలుసో లేదో గానీ, ఆ ఇద్దరూ బట్టల కోసం ఆడుతున్నారా, ప్రాణం కోసమా అన్నది బొమ్మలో తేలదు. పద్యం దైవన్యాయం అంటోంది, డోలు మీద మాత్రం పందెం నడుస్తోంది. నేనైతే డోలునే నమ్ముతాను.

ఇంత చిన్న రేకులో అంతమందిని ఎలా ఇరికించాడంటే, వీణ లాంటి ల్యూట్ వాయిద్యానికి పూసే గట్టి వార్నిష్‌ని రాగిరేకుకి పూసేవాడట. మెత్తటి పూతలా అది చెదిరేది కాదు. దాని మీద గీసి, రేకుని యాసిడ్ చేత ఒకటికి రెండుసార్లు తినిపించేవాడు. ఎక్కువ తిన్న గీత లోతై నల్లగా అచ్చవుతుంది. అందుకే దగ్గరివాళ్ళు నల్లగా, దూరపు గుడారాలు పొగలాగా కనిపిస్తాయి.

ఆఖరి బొమ్మలో రాజు సింహాసనమెక్కి మంచి సైనికులకి బహుమతులు పంచుతాడు. ఉత్త దండగ బొమ్మ. అదే ఏడు ఫ్రెంచి రాజు సైన్యం, అప్పటికి ఫ్రాన్సులో కలవని లొరేన్‌లోని కాలో సొంతూరు నాన్సీని పట్టుకుంది. "ఈ రాజు ఎవరి రాజు?" అని అడిగి, జవాబు వినకుండానే అమ్మ బట్టలు మడతేసుకోవడానికి లేచింది.