నాన్న కంటిచుక్కలు, తమ్ముడి సి విటమిన్

నాన్నకు నీటికాసులు, అంటే కంటి నరం దెబ్బతిని చూపు తగ్గే గ్లకోమా అని తేలాక ఫ్రిజ్ తలుపు అరలో కంటిచుక్కల సీసా, దాని పక్కన తమ్ముడు తెచ్చిన సి విటమిన్ మాత్రలు చేరాయి. "ఇది వంశపారంపర్యం కదా, మనం ఇప్పటి నుంచే వేసుకుంటే రాదట" అంటాడు వాడు.

ఎక్కడిదిరా ఈ మాట అని చదివితే, పూర్తిగా గాలివార్తేం కాదు. కంట్లో ముందుభాగాన ఉండే ద్రవంలో సి విటమిన్ రక్తంలో కంటే చాలా రెట్లు ఎక్కువ. దాన్ని కణాల్లోకి చేర్చే ప్రొటీన్లలో ఒకదాని జన్యువు పేరు ఎస్‌ఎల్‌సి23ఎ2. ఆ జన్యువులో ఒక తేడా ఉన్నవాళ్లకు రక్తంలో సి విటమిన్ తక్కువగా, గ్లకోమా ముప్పు ఎక్కువగా కనిపించిందని 2011లో స్పెయిన్ పరిశోధకులు రాశారు. కనిపించింది సంబంధం మాత్రమే. మాత్ర మింగితే జబ్బు ఆగుతుందని దానర్థం కాదు బాబూ! పైగా పెద్దవాళ్లలో వచ్చే మామూలు రకంలో ఎన్నో జన్యువుల చిన్న చిన్న ప్రభావాలు కలిసి పనిచేస్తాయి. పసిపిల్లల్లో వచ్చే రకం వేరు. అక్కడ సివైపీ1బి1 అనే ఒక్క జన్యువు చాలు, మేనరికాలతో ఆ ముప్పు పెరుగుతుంది.

అందుకే మాత్రలు పక్కనపెట్టి పరీక్షకు వెళ్లాను. కంటి ప్రెషర్ చూశారు, కంటి నరం చూశారు. తర్వాత పక్కచూపు ఎలా ఉందో చూడటానికి గిన్నెలాంటి మెషీన్లో గడ్డం ఆనించి, వెలుగు చుక్క మెరిసినప్పుడల్లా బటన్ నొక్కడం. సగం చుక్కలు నేనే ఊహించుకున్నానేమో అని ఒకటే టెన్షన్! ప్రస్తుతానికి నార్మల్, ఏడాదికోసారి రమ్మన్నారు.

అక్క మాత్రం "నాకు బాగానే కనిపిస్తోందిగా" అంటోంది. పక్కచూపు తగ్గుతున్నా నాన్నకూ బాగానే కనిపించింది మరి. శనివారానికి అక్క పేరు నేనే రాయించేశా, ఫోన్లో తిట్లు తింటున్నా.