సీడీ8 లెక్క ఫార్మలిన్ డబ్బాలోనే మొదలవుతుంది

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి సరిహద్దు దాటి ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ ల్యాబుల్లో చేరుతున్న మన పిల్లలు, అండాశయ క్యాన్సర్ ముక్కలో సీడీ8 కణాలు (క్యాన్సర్ కణాలను చంపే ఒక రకం టీ కణాలు) లెక్కపెట్టాల్సి వచ్చినప్పుడు గుర్తుంచుకోవాల్సినవి ఇవి.

కణితిలోకి చొరబడిన టీ కణాలకీ (ఒంటి రక్షణ కణాలు) ఆయుష్షుకీ గట్టి సంబంధం ఉందని 2003లో తేలింది. ముదిరిన దశలోని 186 కణితులను చూస్తే, టీ కణాలున్నవారిలో అయిదేళ్లు బతికినవారు 38 శాతం, లేనివారిలో 4.5 శాతం. 2017లో 5,500కు పైగా కణితులపై వచ్చిన పరిశోధన ఇంకా వివరం ఇచ్చింది. హై గ్రేడ్ సీరస్ అనే, ఎక్కువగా కనిపించే ఉధృతమైన రకంలో సీడీ8 కణాలు అసలు లేనివారి మధ్యస్థ ఆయుర్దాయం 2.8 ఏళ్లు, ఒక హై పవర్ ఫీల్డులో (మైక్రోస్కోపు పెద్దగా చూపే ఒక వృత్తంలో) 20, అంతకు మించి ఉన్నవారిది 5.1 ఏళ్లు. లెక్కలోకి వచ్చేవి క్యాన్సర్ కణాల గుంపుల లోపల దూరినవే, చుట్టూ పీచు కణజాలంలో నిలబడిపోయినవి కావు. ఫాక్స్‌పీ3 అనే ప్రొటీను ఉన్న, రక్షణను అణిచివేసే టీ కణాలు ఎక్కువైతే ఫలితం తిరగబడుతుందని కొన్ని పరిశోధనలు చెప్పాయి, అన్నీ ఒప్పుకోలేదు.

ఈ లెక్క చెడేది ఎక్కువగా థియేటర్లోనే. ముక్కను సెలైన్లో వేసి పక్కన పెట్టేస్తారు, లేదా పెద్ద గడ్డను కొయ్యకుండా ఇరుకు డబ్బాలో కుక్కేస్తారు. ముక్క కుళ్లకుండా కాపాడే ఫార్మలిన్ లోపలికి ఇంకేది గంటకు సుమారు ఒక మిల్లీమీటరే. పైన గట్టిపడుతుంది, నడుమ కుళ్లుతుంది. అందుకే గంటలోపు ఫార్మలిన్లో పడాలి. ఎక్కడ కొయ్యాలో పాథాలజిస్టునడిగి 5 మిల్లీమీటర్ల పలకలుగా తెరవాలి, ముక్కకు పది రెట్లు ద్రవం పొయ్యాలి. ఆ ద్రవం లీటరుకు 100 మి.లీ. గాఢ ఫార్మలిన్, 900 మి.లీ. డిస్టిల్డ్ వాటర్, 4 గ్రాముల మోనోసోడియం ఫాస్ఫేట్, 6.5 గ్రాముల డైసోడియం ఫాస్ఫేట్. బఫర్‌గా పనిచేసే ఆ ఫాస్ఫేట్లు లేకపోతే ఆమ్లం పెరిగి కణజాలం మీద నల్లటి మచ్చలు పడతాయి.

పేర్ల దగ్గర ఇక్కడ ప్రత్యేకంగా కళ్లు తెరుచుకుని ఉండాలి. మనకు ఇంటిపేరు ముందు, ఒడియావాళ్లకు చివర. ఒకే అప్పలమ్మ డబ్బా మీద ఒకలా, ఫారం మీద ఇంకోలా ఉంటుంది. పేరును నమ్మొద్దు, ఆసుపత్రి నంబరు, వయసు, భర్త పేరు మూడూ కలవాలి.

స్లైడుకు 3-4 మైక్రాన్ల పొర, ఛార్జ్‌డ్ గాజు, 60 డిగ్రీల్లో గంట. ఫార్మలిన్ దాచేసిన సీడీ8 గుర్తు మళ్లీ బయటపడేందుకు పీహెచ్ 9 ద్రావణంలో 95-98 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచి, వేడి తగ్గేదాకా కదపకండి. తొందరపడితే పొర లేచిపోతుంది. సీడీ8 కణాలకు అంటుకుని వాటికి రంగు పట్టించే యాంటీబాడీ వేశాక తడి పెట్టెలోనే ఉంచాలి. ఆరితే అంచులన్నీ గోధుమరంగు పట్టి కణాలున్నట్టు భ్రమ కలుగుతుంది. చచ్చిన కణజాలమూ ఇలాగే మోసం చేస్తుంది, అక్కడ లెక్కపెట్టకండి. ప్రతి బ్యాచ్‌కీ టాన్సిల్ కంట్రోలు (రంగు సరిగ్గా పట్టిందో పోల్చి చూసే టాన్సిల్ ముక్క) తప్పనిసరి.

"బాబూ, మా అమ్మ ఎన్నాళ్లుంటాది?" అని తెలుగు మాట వినగానే మనల్నే అడుగుతారు. సీడీ8 అంకె వేలమందిని కలిపి చూసినది, ఒక్కరి ఆయువు చెప్పలేదు. ఈ రోజుకు వైద్యం దాన్నిబట్టి నడవదు. కంటికి కనిపించే గడ్డ మిగలకుండా ఆపరేషన్, కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ కీమో మందులు, బీఆర్‌సీఏ జన్యు పరీక్ష, ఇవి ముఖ్యం. ఆప్యాయంగా మాట్లాడి డాక్టరుగారి దగ్గరికి పంపండి.

విశాఖకు రెండో అభిప్రాయానికి వెళ్తుంటే కోసిన స్లైడ్లు కాదు, ముక్కను మైనంలో పొదిగిన బ్లాకు ఇవ్వండి. కోసిన పొర వారాలు గడిచేకొద్దీ రంగు పట్టే గుణం పోగొట్టుకుంటుంది.