14.2 అంటే మంచిదేనా పాపా?

పోయిన ఫిబ్రవరిలో కెనడా నుంచి ఎనిమిది మంది స్టూడెంట్స్ మా కాలేజీకి వచ్చారు. కొందరు నర్సింగ్, కొందరు ఫిజియో, ఒకమ్మాయి ఫార్మసీ. మూడు వారాలు బెంగళూరులో ఉండి జనానికి ఏదో ఒక సేవ చేస్తూ, చేసినదాన్నుంచి నేర్చుకోవడం వాళ్ల కోర్సులో భాగం, మార్కులు కూడా ఉంటాయి. సర్వీస్ లెర్నింగ్ అంటారు. ఊరికే వాలంటీర్‌గా వచ్చిపోవడం కాదు, రోజూ రాత్రి కూర్చుని ఆ రోజు ఏం చూశాం, ముందు ఏమనుకున్నాం, అక్కడ తీరా ఏముంది అని రాసుకోవాలి. నేనప్పుడు బీఎస్సీ నర్సింగ్ ఆఖరి సంవత్సరం. మాది కదిరి పక్కన పల్లె, కన్నడ కూడా పని జరిగేంత వచ్చు, అందుకని మా మేడం నన్ను వాళ్లకి దుబాసీగా వేశారు. మూడు వారాల క్లాసులు పోయాయి, అది వేరే కథ.

హెల్త్ క్యాంపు బెంగళూరు శివారు వర్తూరు దాటాక, అపార్ట్‌మెంట్లు కడుతున్న చోట, కూలీల రేకుల షెడ్ల దగ్గర. సగం మంది మనవాళ్లే, అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్లు.

మాట మార్చి చెప్పడమే కదా, తేలికే అనుకున్నా. అరగంటలో తెలిసొచ్చింది. ఒకక్కకి మోకాలు సలుపుతోంది, ఇంకొకామెకి నడుం పట్టేసింది, మూడో ఆమెకి పిక్కలు గుంజుతున్నాయి, ఒకన్నకి తలపోటు, ఒకవ్వకి అరికాళ్లు భగభగమని మంట, పైగా తిమ్మిర్లు. నేను అన్నిటికీ పెయిన్, పెయిన్ అనుకుంటూ పోయా. ఫిజియో అమ్మాయి పట్టేసింది, "వాళ్లు ఒక్కొక్కరు ఒక్కో మాట అంటున్నారు, నువ్వు మాత్రం ఒకటే చెప్తున్నావేంటి" అని. సిగ్గేసింది. మంటా తిమ్మిరీ కలిసి ఉంటే ముందు షుగర్ చూడాలని పుస్తకంలో చదివినదాన్నే, నేనే అవ్వని నొప్పుల లైన్లోకి పంపేసేదాన్ని. ఇక నొప్పి పదికి ఎంత అని అడగమంటారు వాళ్లు. ఒక మేస్త్రి ఆలోచించి, "పనికి పోతాండా కదమ్మా, అంటే తక్కువే రాసుకో" అన్నాడు. ఏ అంకె చెప్పమంటారు?

సరే, అవ్వకి షుగర్ చూశారు, వాళ్లు వెంట తెచ్చుకున్న మీటర్‌తో. 14.2 వచ్చింది. అవ్వ ముఖం వెలిగిపోయింది. "పద్నాలుగు ఉండాదా? పోయినతూరి తొమ్మిదే ఉన్నింది. మంచిదేనా పాపా?" అంది. ఆమె అనుకున్నది రక్తం శాతం, అదే హిమోగ్లోబిన్. కెనడాలో షుగర్‌ని మిల్లీమోల్స్‌లో చూస్తారు, మనం మిల్లీగ్రాముల్లో, మన లెక్కకి రావాలంటే 18తో గుణించాలి. దాదాపు 256. రాత్రిళ్లు నాలుగైదుసార్లు లేస్తోందట, దాహమట. అలా ఉన్నప్పుడు ఏ వేళ చూసినా 200 దాటితే షుగర్ జబ్బే. అంత సంతోషపడ్డ ముసలామెకి అది చెప్పాల్సింది ఎవరు? నేనే.

చీటీ రాసి నమ్మ క్లినిక్‌కి, అదే అక్కడి సర్కారు క్లినిక్‌కి, పొమ్మన్నాం. అక్కడ మాత్రలు ఉచితమే, కానీ అవ్వని తీసుకెళ్లాలంటే కోడలు కూలి పోగొట్టుకోవాలి, అవ్వ చూసుకునే ఇద్దరు పిల్లల్ని ఇంకెవరో చూడాలి. చీటీలో అవేవీ ఉండవు కదా. ఆ మీటర్‌ని, ఉన్న స్ట్రిప్పులతో సహా, సైట్ ఆఫీసుకి బహుమతిగా ఇచ్చి ఫొటో దిగారు. స్ట్రిప్పులు అయిపోయాయి. ఆ రకం ఇక్కడ ఏ మెడికల్ షాపులోనూ దొరకలేదు.

1968లోనే ఇవాన్ ఇల్లిచ్ అనే ఆయన మెక్సికోకి సేవకని బయల్దేరే అమెరికా విద్యార్థుల ముందే నిలబడి, చూడ్డానికో చదువుకోడానికో వెళ్లండి గానీ సాయం చేస్తామని మాత్రం వెళ్లొద్దు అని మొహమ్మీదే చెప్పాడు. 2010లో వెయిట్ అనే నిపుణుల బృందం ఇలాంటి శిక్షణల కోసం నైతిక సూత్రాలు రాసింది, ఆతిథ్యమిచ్చే వాళ్లకయ్యే ఖర్చునీ శ్రమనీ లెక్కలో పెట్టుకోవాలని అందులో ఉంది. చదివినప్పుడు నా క్లాసులు గుర్తొచ్చి, బాగా అడిగారు అనుకున్నా.

కానీ నేనేం తక్కువ తిన్నాను? సెకండ్ ఇయర్ కమ్యూనిటీ పోస్టింగ్‌లో ఒక కుటుంబాన్ని తీసుకుని, కింద పేపర్ పరిచి బ్యాగ్ పెట్టి, చేతులు కడుక్కుని, అన్నీ పద్ధతి ప్రకారం చేసి, ఏడుసార్లు వెళ్లి ఫ్యామిలీ ఫోల్డర్, అంటే ఆ ఇంటివాళ్ల ఆరోగ్య వివరాల ఫైలు, నింపాను. మంచి మార్కులొచ్చాయి. ఎనిమిదోసారి వెళ్లలేదు. కెనడా వాళ్లంటే సముద్రాలు దాటి రావాలి, మా హాస్టల్ నుంచి ఆ ఇంటికి సిటీ బస్సులో నలభై నిమిషాలు.

మూడో వారంలో ఆ ఫిజియో అమ్మాయే, ఇంకో క్యాంపు వద్దు, మేం పోయాక వీళ్లని ఎవరు చూస్తారో ముందు తేల్చండి అని మా మేడంతో వాదన పెట్టుకుంది. చివరికి బీపీ, షుగర్ ఎక్కువున్న వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఒక నోట్‌బుక్కులో రాశాం, నెలకోసారి మా జూనియర్లు వెళ్లేలా. వాళ్లు చేసిపోయిన పనుల్లో పనికొచ్చింది నన్నడిగితే ఇదొక్కటే.

రెండు నెలలు బాగానే నడిచింది. మూడో నెల జూనియర్లు వెళ్లేసరికి అక్కడ పని అయిపోయి షెడ్లే లేవు. నోట్‌బుక్కులో అవ్వ పేరు ఎదురుగా ఉన్నది మేస్త్రి నంబరు. మొన్న నేనే చేశా. బెంగళూరు దాటాక హోస్కోటెలో ఉన్నామని చెప్పి ఫోన్ అవ్వకి ఇచ్చాడు.

"ఆ తెల్లపిల్లోళ్లు బాగుండారా?" అంది ముందు. మాత్రలు వేసుకుంటున్నావా అవ్వా అంటే, అయిపోయి పదిరోజులైందట. ఖాళీ అట్ట మాత్రం కొంగుకి కట్టుకుని ఉంచిందట, చూపిస్తే ఇస్తారేమో అని.

నాకిప్పుడు నైట్ డ్యూటీలు. సోమవారం ఆఫ్. హోస్కోటెకి కేఆర్ పురం నుంచి బస్సులుంటాయి.