స్టార్క్‌విల్‌లో నల్లరేగడి: నా మొదటి సర్వే

మా ఊళ్ళో ఎవరన్నా అడిగితే అమ్మ "మా అమ్మాయి అమెరికాలో గుంటలు తవ్వుద్ది" అని చెప్తది, అబద్ధమేం కాదు. మాది పల్నాడు. చిన్నప్పుడు స్కూల్ వాళ్ళు లాంచీ ఎక్కించి నాగార్జునకొండ మ్యూజియంకి తీసుకెళ్ళారు, సాగర్ నీళ్ళు ముంచేస్తాయని 1954 నుంచి 1960 దాకా హడావిడిగా తవ్వి బయటికి తీసినవంట అవన్నీ, ఆ రోజే పట్టుకుంది నాకీ పిచ్చి. ఇప్పుడుండేది మిసిసిప్పి రాష్ట్రంలో స్టార్క్‌విల్. యూనివర్సిటీ తీసేస్తే ఊరు లేదు. ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న శనివారం మాత్రం జనం ఆవు మెడలో కట్టే గంటలు చేత్తో పట్టుకుని మోగిస్తా తిరుగుతారు, మొదటిసారి విన్నప్పుడు ఏదో జాతర అనుకున్నా.

మాస్టర్స్ అయ్యాక ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే కొన్నాళ్ళు పని చేసుకోనిచ్చే పర్మిషన్) మీద ఒక పురావస్తు సర్వే కంపెనీలో చేరా. ఇక్కడ ఫెడరల్ డబ్బులతోనో పర్మిట్‌తోనో రోడ్డో పైప్‌లైనో వేయాలంటే, 1966లో వచ్చిన చట్టంలో సెక్షన్ 106 అని ఉంది, దాని ప్రకారం ముందు ఆ దారిలో పాతకాలం ఆనవాళ్ళు ఏమన్నా ఉన్నాయేమో చూడాలి. చూడటం అంటే 30 మీటర్లకొకటి, 30 సెంటీమీటర్ల వెడల్పు గుంట తవ్వడం, మట్టంతా పావు అంగుళం జల్లెడలో పోయడం, ఏమన్నా దొరికితే సంచిలో వేసి రాసుకోవడం, మళ్ళీ పూడ్చేయడం. రోజుకి ఇరవై గుంటలు తవ్వితే పద్దెనిమిదింట్లో ఏమీ ఉండదు, ఏమీ లేదని రాయడానికే మనకి జీతం.

తవ్వడం కంటే పర్మిషన్ కష్టం. మేం సర్వే చేసే పైప్‌లైన్ దారిలో ఉన్న పొలం ఓనర్ ఒక పెద్దాయన, వరండాలో కూర్చోబెట్టి తీపి ఐస్ టీ ఇచ్చి "ఏ చర్చికి వెళ్తావమ్మా" అన్నాడు. చర్చి కాదండీ గుడి, అదీ ఇక్కడ లేదు, నెలకోసారి సరుకులకి పక్క రాష్ట్రం అలబామాలోని బర్మింగ్‌హామ్ వెళ్ళినప్పుడే అన్నా. కాసేపు ఆలోచించి "బంగారం దొరికితే మాత్రం నాకు చెప్పాలి" అని సంతకం పెట్టాడు. గుప్తనిధుల ఆశ పల్నాడులో ఎంతో మిసిసిప్పిలోనూ అంతే.

అసలు కథ ఆ పొలంలో. గట్టు మీద (ఎక్కడో చెప్పను, సైట్ అడ్రస్ బయటపెట్టకూడదు) ఒక గుంటలో 20 సెంటీమీటర్ల లోతులో కుండ పెంకులు తగిలినయ్, మట్టిలో ఆలిచిప్పల పొడి కలిపి చేసినవి, తెల్లగా చుక్కలు చుక్కలుగా కనపడతయ్. పక్కనే కాలిన గోడమట్టి ముద్ద, మీద తడిక పుల్లల అచ్చులు ఎంత స్పష్టంగా ఉన్నాయంటే మా అమ్మమ్మ వాళ్ళ వంటపాక గుర్తొచ్చింది. సంతోషం పది నిమిషాలే. వాటి కింద, 45 సెంటీమీటర్ల దగ్గర, పచ్చటి సీసా ముక్క వచ్చింది. పాత పెంకుల కింద కొత్త గాజు ఎట్లా? నాగలి అంత లోతు దిగదు. మా సూపర్‌వైజర్ ఏదో జంతువు బొరియ అయ్యుంటుంది, కలిసిపోయిన మట్టి, వదిలేద్దామా అంటున్నాడు. నాకు మనసొప్పలేదు, బొరియ అయితే మట్టి రంగు తేడా రావాలి, మన్సెల్ రంగుల పుస్తకం పెట్టి చూస్తే పైనా కిందా ఒకటే 10వైఆర్ 3/1, అంటే బాగా ముదురు బూడిద రంగు.

రాత్రి నాన్నకి వీడియో కాల్ చేసి ఫోటోలు చూపించా. ఫోటో చూడగానే "ఇది మన రేగడేగా" అన్నాడు. నిజమే, ఇక్కడ ఈ నేల ఉన్న ప్రాంతాన్ని బ్లాక్ ప్రెయరీ అంటారు, కింద సున్నపురాయి, పైన నల్లమట్టి, తడిస్తే జల్లెడలో దిగదు, చేత్తో నొక్కాలి. "ఎండితే నెర్రెలిస్తదా?" ఇస్తది నాన్నా. "ఇంకేం, నెర్రెలో పడుంటది. మీ అమ్మ వెండి పట్టీ మన చేలో పోయింది గుర్తుందా, మూడేళ్ళకి బోరు గుంట తవ్వుతుంటే మోకాలి లోతులో దొరకలా? వానకి నెర్రె మూసుకుంటది, ఇంక పైకి ఏం కనపడుద్ది." తర్వాత ఆగి, "పత్తికి బాగుంటదే ఆ నేల" అన్నాడు. పత్తే వేశారు నాన్నా, 1830ల్లో ఇక్కడి ఆదివాసీ తెగలు చొక్తా, చికసా వాళ్ళని ఓక్లహోమా వైపు తరిమేసి బానిసల చేత వేయించారు అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. "తిన్నావా" అన్నాడు.

పొద్దున్నే వెళ్ళి చూస్తే, సెప్టెంబర్ ఎండకి గుంట పక్కన నెర్రె, ట్రోవెల్ (చిన్న తాపీ) పెడితే పిడి దాకా దిగిపోయింది. ఫోటో తీసి, చుట్టూ 10 మీటర్లకొకటి చొప్పున ఇంకో ఎనిమిది గుంటలు తవ్వితే ఐదింట్లో పెంకులున్నయ్. గాజు ఒక్కదాంట్లోనూ లేదు.

రిపోర్ట్‌కి రెండు నెలలు పట్టింది, రాసేది తక్కువ, మ్యాపులు సరిచేసేది ఎక్కువ. ఇట్లాంటి రిపోర్ట్‌లు చూసే స్టేట్ ఆఫీస్ రాజధాని జాక్సన్‌లో ఉంటది, చూసి చెప్పడానికి వాళ్ళకి 30 రోజుల గడువు, ఓక్లహోమాలోని తెగల ప్రభుత్వాలకీ కాపీలు వెళ్తాయి. రివ్యూలో మొదటి ప్రశ్న ఆ గాజు ముక్క గురించే. నెర్రెల ఫోటో ముందే పెట్టి ఉంచా కాబట్టి బతికిపోయా. చివరికి పైప్‌లైన్‌ని గట్టు పక్క నుంచి తిప్పుకుంటాం అన్నారు, పెద్దాయన మాత్రం బంగారం లేదంటే ఇప్పటికీ నమ్మట్లేదు.

సైట్‌కి నంబర్ వచ్చిన రోజు నాన్నకి చెప్పా. ఆ నంబర్‌లో మిసిసిప్పి అంటే 22, మా కౌంటీ ఆక్టిబెహా (Oktibbeha) కాబట్టి మొదటి రెండక్షరాలు ఓకే (OK), ఆ తర్వాత మా సైట్ అంకె.

"ఓకే అని రాశారా? అయితే పాసైనట్టేగా" అన్నాడు.