మా చిన్నతాత ఓడ పేరు ఎలా దొరికిందంటే

మా చిన్నతాత రెండో ప్రపంచ యుద్ధంలో నేవీలో పనిచేశాడని, బర్మా దగ్గర ఆయన ఓడ మునిగిపోతే బతికి బయటపడ్డాడని ఇంట్లో అందరికీ తెలుసు. అది ఏ ఓడో మాత్రం ఎవరికీ తెలియదు. ఆయన చెప్పలేదు. మాకు అడగాలని తోచేసరికి ఆయన లేడు.

పోయినేడాది ఊళ్లో ఇల్లు ఖాళీ చేస్తుంటే ట్రంకుపెట్టెలో ఆయన టోపీ రిబ్బను దొరికింది. నల్ల పట్టీ, చివర్లు పీలికలైపోయాయి. పసుప్పచ్చ దారంతో 'హెచ్.ఎం.ఐ.ఎస్.' (హిజ్ మెజెస్టీస్ ఇండియన్ షిప్, ఓడ పేరుకి ముందు రాసే అక్షరాలు) అని ఉంది, అంతే. పేరు చెరిగిపోయిందేమోనని కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి చూశాను. అక్కడ అసలు ఏమీ నేయలేదు. ఏ ఓడ ఎక్కడుందో శత్రువుకి తెలియకూడదని యుద్ధకాలంలో టోపీల మీద పేర్లు లేకుండా చేశారని తర్వాత చదివాను.

రికార్డుల కోసం ఉత్తరం రాస్తే సర్వీసు నంబరు కావాలన్నారు. అది మా దగ్గర లేదు. ఇక దారి లేదనుకుని చాలా రోజులు బాధపడ్డాను.

అప్పుడు మామ్మ మాట గుర్తొచ్చింది. "ఇసాపట్నంలో బాంబులు పడ్డ రోజే మీ చిన్నతాత ఓడా ములిగిపోనాది" అనేది. జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న. పేరుతో కాకుండా తేదీతో వెతకడం మొదలుపెట్టాను. రాయల్ ఇండియన్ నేవీ ఆ యుద్ధంలో పోగొట్టుకున్న ఓడలు కొన్నే. 'పఠాన్' 1940 జూన్‌లోనే బొంబాయి దగ్గర మునిగింది. ఏప్రిల్ 6న పోయింది ఒక్కటే, 'ఇండస్'.

ఇంగ్లండులో టైన్ నది ఒడ్డున కట్టిన స్లూప్, అంటే చిన్న యుద్ధనౌక అది. 1934లో నీళ్లలోకి దించారు. పెద్ద ఫిరంగులు రెండే, వేగమూ తక్కువే. సరుకు ఓడల కాన్వాయ్‌లకి కాపలాగా తిరిగే ఓడ. మన జిల్లాల నుంచి ఎంతమంది కూలికి వెళ్లారో ఆ 'రంగం', అంటే రంగూన్, 1942 మార్చి 8న జపాన్ చేతికి చిక్కింది. నెల తిరక్కుండానే, ఉత్తరాన అకియాబ్ దగ్గర, జపాన్ విమానాల బాంబులు తగిలి ఇండస్ మునిగిపోయింది. గాలిలోంచి వచ్చే దాడిని ఆపే సత్తా అంత చిన్న ఓడకి ఎక్కడుంటుంది? అయినా దాన్ని అక్కడే ఉంచారు. అది చదివి నాకు చాలా కోపం వచ్చింది.

ఈసారి ఓడ పేరు, తేదీ, మా ఊరు రాసి మళ్లీ ఉత్తరం పంపాను. రెండు నెలల తర్వాత పాత రిజిస్టరులోని ఒక పేజీ జిరాక్సు వచ్చింది. చిన్నతాత పేరులో ఒక అక్షరం తప్పు పడింది గానీ ఆయనే. స్టోకర్, అంటే ఓడలో బాయిలర్ల దగ్గర పనిచేసేవాడు. ఓడ: ఇండస్.

ఆ కాగితం ఆయన కూతురికి, మా అత్తకి చదివి వినిపించాను. అకియాబ్ ఎక్కడుందని అడిగింది. ఇప్పుడు సిత్వే అంటున్నారని చెప్పి, ఫోన్లో మ్యాప్ తీసి చూపించాను. అత్త భీమిలి మీద వేలు పెట్టి, నీలం మీదుగా మెల్లగా ఆ ఒడ్డుదాకా జరిపింది.

"మన సముద్రమే కదరా" అంది.