ఈ-సిమ్ పోయాక నా నంబరు తిరిగి తెచ్చుకున్న తీరు – నా అనుభవం

నా మొబైల్ నంబరు నిన్న సాయంత్రం మళ్ళీ నా చేతికి వచ్చింది. చెప్పాలనుకున్నది ఆ కోపం, ఆ ఊరట రెండూ ఆరకముందే చెప్పాలని ఇది రాస్తున్నాను.

మందుల కంపెనీలకు ప్యాకింగ్ యంత్రాలు బిగించే ఉద్యోగం కావటంతో ఏడాదికి పది పన్నెండు సార్లు విదేశాలకు వెళ్ళి వస్తుంటాను. నోకియా 1100 కొన్న నాటి నుంచి నేటి వరకు కొత్త ఫోన్ ఏది వచ్చినా దాని లోపలి సంగతులు తెలుసుకోకుండా ఉండలేను; మా ఆఫీసులో ఎవరి ఫోన్ మొరాయించినా ముందు నా దగ్గరకే తెస్తారు. 2023లో నా సిమ్ కార్డును ఈ-సిమ్‌గా, అంటే విడిగా కార్డు లేకుండా ఫోన్‌లోనే ఇమిడి ఉండే సిమ్‌గా మార్చుకున్నప్పుడు ఇక కార్డు పోతుందనే భయం లేదని ఎంతో సంతోషించాను.

పోయిన వారం సింగపూర్‌లోని లిటిల్ ఇండియా స్టేషన్‌లో ఎస్కలేటర్ మీద ఫోన్ చేజారి, దొర్లుకుంటూ కిందికి పోయి, తెర నల్లబడిపోయింది. కొత్త ఫోన్ కొనటానికి అరగంట కూడా పట్టలేదు. ఫోన్ చేతిలో లేకపోయినా ఖాతాలోకి వెళ్ళటానికి గూగుల్ ఇచ్చే పది బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి పాస్‌పోర్ట్ కవరులో పెట్టుకోవటం నాకు అలవాటు కనుక మెయిల్, ఫొటోలు, టికెట్లు అన్నీ ఆ రాత్రికే కొత్త ఫోన్‌లోకి వచ్చేశాయి. దుకాణాలలో బ్యాంకు కార్డు పెట్టి పిన్ నొక్కితే సరిపోయింది. రానిదల్లా నంబరు ఒక్కటే.

మామూలు సిమ్ అయితే పగిలిన ఫోన్‌లోంచి తీసి కొత్త ఫోన్‌లో వేసుకుంటే పని అయిపోయేది. ఈ-సిమ్‌ను కొత్త ఫోన్‌లోకి దించుకోవాలంటే మొబైల్ కంపెనీ మన మెయిల్‌కు కొత్త క్యూఆర్ కోడ్ పంపాలి, దానికోసం అదే నంబరు నుంచి ఎస్ఎంఎస్ పంపాలి. కంపెనీ యాప్‌లోకి వెళదామంటే ఓటీపీ కూడా ఆ నంబరుకే వస్తుంది. కస్టమర్ కేర్‌కు హోటల్ ఫోన్ నుంచి మూడు సార్లు చేస్తే, మూడు సార్లూ "దగ్గరలోని స్టోర్‌కు వెళ్ళండి సార్" అనే సమాధానమే వచ్చింది. సింగపూర్‌లో ఆ స్టోర్ ఎక్కడుంటుందో ఆ అబ్బాయి చెప్పలేకపోయాడు. నా బదులు మా ఆవిడ హైదరాబాద్‌లో వెళితే కుదరదట, నంబరు ఎవరి పేరున ఉంటే వారే రావాలట. ఆ నియమాన్ని తప్పుపట్టను. యూపీఐ యాప్ కూడా సిమ్ నుంచి ఎస్ఎంఎస్ వెళితేనే కొత్త ఫోన్‌లో తెరుచుకుంటుంది కనుక అదీ మూగబోయింది.

శంషాబాద్‌లో దిగిన మరునాడు ఉదయమే మా ఇంటికి దగ్గరలో ఉన్న కంపెనీ స్టోర్‌కు వెళ్ళాను. అక్కడ జరిగినది మాత్రం నేను మరచిపోలేను.

టోకెన్ తీసుకుని నలభై నిమిషాలు నిలబడ్డాక నా వంతు వచ్చింది. కౌంటర్‌లోని అబ్బాయి ఆధార్ నంబరు కొట్టి, వేలిముద్రల యంత్రాన్ని నా వైపు జరిపాడు. దాని అద్దం మీద అంతకు ముందు వచ్చినవారి వేళ్ళ జిడ్డు పొరలు పొరలుగా ఉంది. అతడు దానిని చొక్కా అంచుతో తుడిచాడు. ఎర్ర దీపం వెలిగింది, బొటనవేలు పెట్టాను, పడలేదు. చూపుడు వేలు పెట్టాను, అదీ పడలేదు. "గట్టిగా నొక్కండి సార్" అన్నాడు. రెండో చేతి వేళ్ళు కూడా అయిపోయాయి. నా వెనక నిలబడిన పెద్దావిడ, "తడి ఉందేమో నాయనా, తుడుచుకో" అంటూ తన చేతిరుమాలు ఇచ్చింది. అప్పుడు ఆ అబ్బాయి స్టోర్ అంతా వినబడేలా, "ఇది మీ ఆధారేనా సార్?" అని అడిగాడు.

వరుసలో ఉన్నవారందరూ నా వైపు చూశారు. ఇరవై రెండేళ్ళుగా పన్ను కడుతున్నవాడిని, పాస్‌పోర్ట్ నిండా ముద్రలు ఉన్నవాడిని, నా సొంత ఊరిలో దొంగ కార్డు పట్టుకొచ్చినవాడిలా నిలబడవలసి వచ్చింది. మేనేజర్ వచ్చి, నంబరు నాదేనని రుజువేమిటని అడిగి, పోలీసు ఫిర్యాదు కాగితం తెస్తే చూద్దామన్నాడు. పోయినది ఫోన్ కాదు, పగిలిందని, ఆ పగిలిన ఫోన్ ఇదిగో చేతిలోనే ఉందని చూపించినా వినిపించుకోలేదు.

అప్పుడే అతడి ట్యాబ్ తెర మీద ఎర్ర అక్షరాలలో ఉన్న 330 అనే అంకె నా కంట పడింది. వేలిముద్ర సరిపోలకపోతే ఆధార్ వ్యవస్థ 300 అనే కోడ్ చూపిస్తుంది. 330 అంటే ఆధార్ ఉన్న మనిషే తన బయోమెట్రిక్‌కు, అంటే వేలిముద్రల వంటి ఒంటి గుర్తులకు, ఎవరూ వాడకుండా తాళం (లాక్) వేసుకున్నాడని అర్థం. ఆ తాళం వేసుకున్నది నేనే. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒకడు భూముల రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలతో నకళ్ళు చేసి, వాటితో సిమ్‌లు యాక్టివేట్ చేసిన సంగతి బయటపడ్డప్పటి నుంచి నాకు ఆ భయం ఉంది. నా స్థలం రిజిస్ట్రేషన్ అయిన రోజునే లాక్ చేసుకున్నాను. ఆ లాక్ తీయాలంటే ఓటీపీ కావాలి. ఆ ఓటీపీ నా నంబరుకే వస్తుంది. నంబరు కావాలంటే వేలిముద్ర కావాలి.

ఈ ముడి మొత్తం ఆ అబ్బాయికి వివరించాను. "అదంతా మాకు తెలియదు సార్, వేలిముద్ర పడకపోతే సిమ్ రాదు" అన్నాడు. పాస్‌పోర్ట్ తీసి చూపిస్తే, ఆధార్ తప్ప ఏదీ నడవదని కచ్చితంగా చెప్పాడు. ఆ మాట అబద్ధమని నాకు ఆ మధ్యాహ్నమే తెలిసింది. రోజుకు వందమంది వేళ్ళు నొక్కించే వారికి రెండు ఎర్రర్ కోడ్‌ల అర్థం నేర్పకుండా కౌంటర్‌లో కూర్చోబెట్టటం ఆ కంపెనీ చేసిన తప్పు. తెలియనిదానిని తెలియదని చెప్పకుండా ఎదుటి మనిషిని అనుమానించటం మాత్రం ఆ ఇద్దరిదీ. అక్కడికి నేను మళ్ళీ వెళ్ళను, నాకు తెలిసినవారిని వెళ్ళనివ్వను.

కూకట్‌పల్లిలో అదే కంపెనీకి ఇంకో చిన్న స్టోర్ ఉంది. అక్కడ ఉన్న అమ్మాయి కోడ్ చూడగానే, "లాక్ చేసుకున్నారా సార్? పాస్‌పోర్ట్ ఒరిజినల్ ఉందా?" అని అడిగింది. సిమ్ మార్చుకునేటప్పుడు కేవైసీ (మనిషి ఎవరో రుజువు చూసుకోవటం) మొత్తం మళ్ళీ చేయాలి, కాగితాల మీద చేసే పాత పద్ధతి 2024 జనవరి 1 నుంచి ఆగిపోయింది, నిజమే. కానీ వేలిముద్ర ఒక్కటే దారి కాదు. డిజిటల్ కేవైసీ అని ఇంకొకటి ఉంది. ఆ అమ్మాయి పాస్‌పోర్ట్‌కు అక్కడికక్కడే ఫొటో తీసి, నన్ను తెల్లగోడ ముందు నిలబెట్టి, "ఒకసారి కళ్ళు ఆర్పండి సార్" అని నా ముఖానికి ఫొటో తీసి, మా ఆవిడ నంబరుకు వచ్చిన ఓటీపీ అడిగి, ఇరవై నిమిషాలలో పని ముగించింది. ఈ-సిమ్ కావాలా, కార్డు కావాలా అంటే కార్డే అడిగాను.

సాయంత్రానికి సిగ్నల్ వచ్చింది, కాల్స్ వచ్చాయి. సిమ్ మార్చాక 24 గంటల పాటు ఎస్ఎంఎస్‌లు రావు, పోవు కనుక ఓటీపీల కోసం మరొక రోజు ఆగాలి. ఇది మాత్రం మంచి నియమం. మన నంబరును ఎవడైనా దొంగతనంగా తన సిమ్‌లోకి మార్చుకున్నా, ఆ ఒక్క రోజులో బ్యాంకు ఖాతా ఊడ్చెయ్యకుండా అది అడ్డుపడుతుంది.

తరచుగా ప్రయాణాలు చేసేవారికి నేను చెప్పేది ఇది. ఆధార్‌కూ బ్యాంకుకూ ముడిపడిన నంబరును ఈ-సిమ్ చేయకండి, కార్డుగానే ఉంచండి. విదేశాలలో వాడుకునే డేటా ప్లాన్‌కు ఈ-సిమ్‌ను మించినది లేదు. ఈ-సిమ్ క్యూఆర్ కోడ్ వచ్చేది మెయిల్‌కే కనుక, మొబైల్ కంపెనీ దగ్గర ఉన్న మీ మెయిల్ ఐడీ పాత ఆఫీసుదో, సొంతదో ఇవాళే చూసుకోండి. బయోమెట్రిక్ లాక్ తీసేయమని నేను చెప్పను, నేనూ తీయను. స్టోర్‌కు వెళ్ళేటప్పుడు పాస్‌పోర్టో డ్రైవింగ్ లైసెన్సో ఒరిజినల్ పట్టుకెళ్ళి, వేలిముద్ర పడకపోతే డిజిటల్ కేవైసీ చేయమని ఆ పేరుతోనే అడగండి.

నిన్న సాయంత్రం 24 గంటలు నిండాక బ్యాంకు నుంచి మొదటి ఓటీపీ వచ్చింది. నాకు వెంటనే ఒక కీప్యాడ్ ఫోన్ కొనాలనిపించింది. సింగపూర్‌లో 2జీ సేవలు 2017లోనే ఆగిపోయాయి కనుక 4జీ ఉన్నదే చూసి తీసుకుని, కార్డు అందులో వేసి, వచ్చే నెల ప్రయాణానికి సర్దుకునే సంచి లోపలి అరలో పాస్‌పోర్ట్ పక్కన పెట్టాను.