ఐదో కాంటూరు దగ్గర

భౌతిక భూగోళశాస్త్రంలో పీజీ చేస్తున్న రోజుల్లో కాంటూరు రేఖలంటే, అంటే పటంలో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే రేఖలంటే, నాకు పరీక్షలో గీయవలసిన గీతలు మాత్రమే. క్షేత్ర పర్యటనకు కొల్లేరు వెళ్లి, ఒక చేపల చెరువు గట్టు మీద పటం పరిచి, గాలికి ఎగిరిపోకుండా నాలుగు మూలలా మట్టిబెడ్డలు పెట్టి, ఐదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తును చూపే రేఖ, ఎక్కడిదాకా వస్తుందో వెతికిన రోజున ఆ అభిప్రాయం మారిపోయింది. పటంలో సరస్సు ఉన్న చోట నా కళ్ల ముందు చేపల చెరువుల నీటికి గాలి అందించే ఏరేటర్లు తిరుగుతున్నాయి.

కృష్ణా, గోదావరి తెచ్చిన ఒండ్రుతో రెండు డెల్టాలూ పెరగగా, వాటి మధ్య మిగిలిన పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరుల వరద ఇక్కడికే చేరుతుంది. అది సముద్రంలో కలవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. 1999లో ఐదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించడం, 2002లో చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు రావడం పక్షులకే పరిమితమైన విషయాలని నేను అనుకోను. ఆ హద్దు వరద నీరు నిలవవలసిన చోటును కూడా కాపాడుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలను ముంచెత్తినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ పటమే. ఇప్పుడు ఏ లేఅవుటు ప్రణాళిక నా బల్ల మీదికి వచ్చినా, రోడ్ల కంటే ముందు నేల వాలు ఎటు ఉందో, వాననీరు ఏ వాగులో కలుస్తుందో పెన్సిలుతో గీసి చూస్తున్నాను.